నిండు జీవితాన్ని ఎక్కడ నిలబడి కొలవాలి?

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకొని, ఆ తర్వాత నాకు తెలిసినంతవరకు సమాధానం రాస్తాను. మీకు 48 ఏళ్లు. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో సొంత ఇల్లు ఉంది, అప్పులు తీరిపోయాయి, అమ్మాయి చదువు ముగించుకొని దూరదేశంలో ఉద్యోగంలో చేరింది, ఆరోగ్యం బాగానే ఉంది. వింజమూరు వైపు మీ నాన్నగారు వదిలి వెళ్లిన 2 ఎకరాల మాగాణి కౌలుకు ఇచ్చారు, దాన్ని చూసి 6 ఏళ్లయింది. ఇన్ని ఉన్నా రాత్రి పడుకోబోయే ముందు ‘ఇంతేనా’ అనిపిస్తోందని, నిండైన జీవితం అంటే అసలు ఏమిటని, దానికోసం ఉద్యోగం మానేసి ఊరికి వెళ్లిపోవడం సరైన పనేనా అని అడిగారు.

నేను వేదాంతం చదువుకున్నవాణ్ని కాను. నీటిపారుదల శాఖలో 34 ఏళ్లు పనిచేసి 2014లో పదవీ విరమణ చేశాను. ఆ కాలంలో ఎక్కువ భాగం ఉదయగిరి, ఆత్మకూరు, కనిగిరి, కంభం వైపు మెట్ట ప్రాంతపు చెరువుల మీదే గడిచింది. అందువల్ల నిండు అనే మాట వినగానే నాకు చెరువే కళ్లముందు నిలుస్తుంది. అయితే ఆ మాటనే ఒకసారి గమనించండి. మనం నిండు సభ అంటాము, నిండు గర్భిణి అంటాము, నిండు పున్నమి అంటాము. సభను నింపేది పదిమంది మనుషులు, గర్భిణిని నింపేది మరో ప్రాణం, పున్నమి చంద్రుణ్ని నింపేది సూర్యుడి వెలుగు. ఈ మూడింటిలోనూ తనది కానిదేదో వచ్చి చేరితేనే నిండుదనం వచ్చింది. మీ ప్రశ్నకు నా సమాధానంలో సగం ఈ మాటలోనే ఉందని అనుకుంటాను.

మిగతా సగం నాకు ఒక లస్కరు, అంటే చెరువు కింద కాలువల నీటిని కనిపెట్టుకొని ఉండే మా శాఖ కింది ఉద్యోగి, నేర్పాడు. చెరువు నీటిని కాలువలోకి వదిలే తూము దగ్గర నీటిమట్టం చూసే గేజి ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ అంకెను రిజిస్టరులో ఎక్కించడమే చెరువును చూసుకోవడం అని నేను నమ్మేవాణ్ని. 1990ల తొలినాళ్లలో ఒక ఫిబ్రవరి నెలలో, ఉదయగిరి వైపు ఒక చెరువు కింద పైరు పొట్ట మీద ఉండగా నీళ్లు తక్కువపడ్డాయి. పొట్ట దశలో ఒక్క తడి తప్పినా గింజ తాలు పోతుంది. ఎగువ రైతులు రాత్రిపూట కాలువకు అడ్డం కట్టి నీళ్లు మళ్లించుకుంటున్నారని, చివరి కయ్యలకు, అంటే వరి మడులకు, చుక్క చేరడం లేదని ఫిర్యాదు వస్తే, ఆ రాత్రి నేను కూడా లస్కరు వెంట బయలుదేరాను. సుమారు 3 కిలోమీటర్ల కాలువ అది. అతను కాలువ నుంచి పొలంలోకి నీరు మళ్లే ప్రతి మడవ దగ్గర ఆగి, అవసరమైన చోట పారతో రెండు పెళ్లల మట్టి వేసి, కాపలా ఉన్న రైతుతో నెమ్మదిగా నాలుగు మాటలు మాట్లాడి ముందుకు కదిలేవాడు. ఎవరినీ గద్దించలేదు. ఆయకట్టు చిట్టచివర ఒక ఒంటరి ముసలావిడకు 60 సెంట్ల కయ్య ఉండేది. అక్కడికి చేరేసరికి రాత్రి రెండు దాటింది, నీరు ఇంకా రాలేదు. అతను మడవ ముందు గొంతుక్కూర్చొని, ఎండి నెర్రెలిచ్చిన మట్టి మీద అరచెయ్యి ఆనించి కదలకుండా ఉన్నాడు. చీకట్లో నాకు ఏమీ కనిపించలేదు. కొంతసేపటికి ఎండాకులు, నురగ ముందు తోసుకుంటూ నీరు వచ్చి అతని వేళ్లను తాకినట్టుంది, ‘తగిలింది సారూ’ అన్నాడు. ఆ కయ్య తడిసేదాకా, అంటే తెల్లవారేదాకా, గట్టు మీదనే కూర్చున్నాడు.

మర్నాడు ఉదయం గేజి చూస్తే నీటిమట్టం 2 అంగుళాలు తగ్గింది. రిజిస్టరులో ఆ తగ్గుదలనే రాశాను. ఆ 2 అంగుళాలు ఎవరి పొలానికి చేరాయో రాయడానికి అందులో గడి లేదు.

మీరు మీ గురించి రాసిన నాలుగు వాక్యాలను చదివినప్పుడు నాకు ఆ రిజిస్టరు గుర్తొచ్చింది. ఇల్లు, పొదుపు, అమ్మాయి ఉద్యోగం, మీ ఆరోగ్యం, ఇవన్నీ గేజి అంకెలు. వాటిని తక్కువ చేయడం లేదు. అయితే చెరువును ఎవరు ఎందుకు తవ్వించారన్న ప్రశ్నకు గేజి దగ్గర జవాబు దొరకదు, ఆయకట్టు చివరికి నడిచి వెళ్లినవాడికే దొరుకుతుంది. మీ జీవితం నిండిందా లేదా అన్నది మీరు ఇన్నేళ్లూ మీ దగ్గరే నిలబడి చూస్తున్నారు. మీ వల్ల ఎవరి కయ్య తడిసిందో చూడటానికి మీరు అంత దూరం నడవలేదని నా అనుమానం. బహుశా చాలామందివి తడిసే ఉంటాయి. ఆ గడి మీ రిజిస్టరులో లేకపోవడం వల్ల అవి మీ లెక్కలోకి రాలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకపోతే నా మాట అన్యాయమవుతుంది. చెరువులో నీరు తూము అడుగు మట్టాన్ని దాటితే తప్ప బయటికి పారదు. ఆ మట్టానికి కిందనున్న నీటిని మా శాఖలో డెడ్ స్టోరేజి అంటారు. ఆ నీరు ఉన్నా ఆయకట్టుకు అందదు. మనిషి బతుకులో కూడా అలాంటి మట్టం ఒకటి ఉంది. రేపటి తిండికి, పిల్లల ఫీజుకు, ఆసుపత్రి ఖర్చుకు దిక్కు లేనివాడి ముందు నిలబడి డబ్బులో ఏముందని ఉపన్యాసం చెప్పడం పాపం. ఎండకారు మూడు నెలలు పనుల్లేక వలసపోయే కుటుంబాలను కనిగిరి వైపు ఏళ్ల తరబడి చూసినవాణ్ని కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మీరు ఆ మట్టాన్ని దాటి చాలా కాలమైంది. దాటాక కూడా తూము తెరవకుండా మట్టం పెంచుకుంటూ పోవడమే మీ విషయంలో జరిగిందేమో చూసుకోండి. నీరు పెరిగేకొద్దీ కట్టకు భయం పెరుగుతుందే తప్ప, కింద పైరు పెరగదు.

మీరు నెల్లూరులోనే ఉంటారు కాబట్టి మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ మీకు తెలియనిది కాదు. స్వర్ణాల చెరువు నీళ్లలో దిగి, ఉద్యోగం కావాలనేవారు ఉద్యోగ రొట్టె, పెళ్లి కావాలనేవారు పెళ్లి రొట్టె, ఇల్లు కావాలనేవారు ఇంటి రొట్టె పట్టుకుంటారు. మతంతో పనిలేకుండా జనం వస్తారు. కోరిక తీరినవారు మళ్లీ వచ్చి, అదే కోరికతో నిలబడిన ఇంకొకరికి అదే రొట్టె ఇవ్వాలన్నది అక్కడి నియమం. పట్టుకున్న రొట్టెను తిరిగి వదిలితేనే మొక్కు తీరుతుంది. నాకు ఆ పండుగలో అన్నిటికంటే గొప్పగా తోచే విషయం, ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ఒకే నీళ్లలో మోకాటిలోతున పక్కపక్కనే నిలబడటం. నిజమైన రొట్టె సంగతి మీ నమ్మకానికి వదిలేస్తాను. ఉద్యోగం, ఇల్లు, బిడ్డ చదువు అనే మూడు రొట్టెలు మీరు పట్టుకున్నారు, వాటిని వదలడానికి మళ్లీ నీళ్లలోకి దిగారా అన్నదే నేను అడుగుతున్నాను. ఉద్యోగం ఎలా దొరుకుతుందో తెలియక తిరిగే కుర్రవాడికి మీరు కేటాయించే ఒక ఆదివారం కూడా రొట్టె వదలడమే.

బయటికి పారించడం గురించే ఇంతవరకు చెప్పాను. లోపలికి వచ్చే నీటి సంగతి అంతకంటే ముఖ్యమైనది, దాన్ని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. మెట్ట చెరువులు ఎండిపోతే అందరూ వాన పడలేదంటారు. వాన పడిన ఏడాది కూడా నిండని చెరువులను నేను చాలా చూశాను. కొండవాలు నుంచి నీటిని తెచ్చే వాగులు, సప్లై ఛానెళ్లు ముళ్లకంపతో మూసుకుపోవడమో, ఎవరో వాటిని కలిపేసుకొని దున్నుకోవడమో కారణం. ఒక్కరోజులో జరిగేది కాదది. ఏటా జానెడు జానెడు చొప్పున కాలువ సన్నబడుతుంది, ఎవరూ పట్టించుకోరు. మనుషుల మధ్య రాకపోకలు కూడా సరిగ్గా అలాగే మూసుకుపోతాయి.

పదవీ విరమణ చేసిన వారానికి నాకీ సంగతి అర్థమైంది. మేమున్న వీధిలో అప్పటికి 19 ఏళ్లుగా ఉంటున్నాము. పాలు తేవడానికి నేను మొదటిసారి వెళ్తే ఆ దుకాణం ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, మా ఆవిడ పేరు చెప్పి, ‘వాళ్లాయనా మీరు’ అని అడిగింది. ఆ వీధిలో పెళ్లిళ్లకు, పురుళ్లకు, చావులకు మా ఇంటి తరఫున వెళ్లిందంతా మా ఆవిడే. నేను క్యాంపుల్లో ఉన్నానని, పని ఒత్తిడి అని చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం కాదు, కానీ క్యాంపు లేని ఆదివారాల్లో కూడా నేను వెళ్లలేదన్నది అంతకంటే పెద్ద నిజం. ఆ తర్వాత రెండేళ్లు పట్టింది నాకు, ఒక్కొక్క గడప ఎక్కి, నా కాలువలను నేనే తవ్వుకోవడానికి.

ఇది నా ఒక్కడి అనుభవమే అయితే ఇంత నమ్మకంగా రాసేవాణ్ని కాను. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారు 1938లో మొదలుపెట్టిన అధ్యయనం ఒకటి ఉంది. అక్కడి కళాశాల విద్యార్థులను, బోస్టన్ నగరపు పేదవాడల పిల్లలను, మొత్తం 724 మందిని వారి యౌవనం నుంచి ముసలితనం దాకా వెంబడిస్తూ వచ్చారు. 80 ఏళ్ల వయసులో ఎవరు ఆరోగ్యంగా, తృప్తిగా ఉన్నారో చూసి, వారి 50 ఏళ్లనాటి వివరాలను తిరగేస్తే, కొలెస్టరాల్ అంకె కంటే తమ అనుబంధాల పట్ల వారికున్న తృప్తే ఎక్కువ చెప్పగలిగిందని ఆ పరిశోధకులు తేల్చారు. మీకిప్పుడు 48 ఏళ్లు అన్న సంగతిని ఈ వాక్యం పక్కన పెట్టి చదువుకోండి.

పూడిక గురించి కూడా చెప్పాలి. నా పదోన్నతి ఒక అధికారి రాసిన రహస్య నివేదిక కారణంగా 4 ఏళ్లు ఆలస్యమైంది. నివేదిక తప్పని తర్వాత తేలింది, పోయిన సీనియారిటీ మాత్రం తిరిగి రాలేదు. ఆ కోపాన్ని నేను 15 ఏళ్లు మోశాను. అన్నం తింటున్నప్పుడు, బిడ్డను బడికి దింపుతున్నప్పుడు కూడా మనసులో ఆ అధికారితో వాదిస్తూ ఉండేవాణ్ని. చెరువులో పూడిక చేసే పని అదే, నీరు ఉండవలసిన చోటును తాను ఆక్రమిస్తుంది. పైనుంచి చూస్తే చెరువు నిండినట్టే కనిపిస్తుంది, తీరా తూము ఎత్తితే పది రోజులకే ఖాళీ అవుతుంది. అయితే వేసవిలో ఆ పూడికనే తవ్వి ట్రాక్టర్లతో పొలాలకు తోలుకుంటారు, నేలకు అంతకు మించిన బలం లేదని రైతులు నమ్ముతారు. విరమణ తర్వాత, సర్వీసు పుస్తకంలో ఎంట్రీలు లేవని పెన్షను ఆగిపోయిన ఒక లస్కరు కాగితాల కట్టతో నా దగ్గరికి వచ్చాడు. ఏ నియమం కింద అర్జీ పెట్టాలో, ఏ కాగితం ఎవరి దగ్గర ఆగుతుందో, తిరస్కరిస్తే పైన ఎవరికి రాయాలో నాకు కంఠతా వచ్చు. నా కేసు కోసం నేను అవన్నీ నేర్చుకున్నాను. ఆ రోజు ఆయనకు 3 పేజీల అర్జీ రాసి ఇచ్చాను, 5 నెలలకు పెన్షను వచ్చింది. అప్పటినుంచి ప్రతి గురువారం ఇద్దరో ముగ్గురో వస్తారు. ఆ అధికారి మొహం ఇప్పుడు నాకు గుర్తు తెచ్చుకుంటే తప్ప గుర్తు రావడం లేదు.

నిండైన జీవితం అంటే కష్టం లేని జీవితమని మాత్రం అనుకోకండి. షిగెహిరో ఓయిషీ, ఎరిన్ వెస్ట్‌గేట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు సుఖమైన జీవితం, సార్థకమైన జీవితం అనే రెండింటి పక్కన, చూపును మార్చే అనుభవాలతో నిండిన జీవితం అనే మూడోదాన్ని ప్రతిపాదించారు. మన దేశంతో సహా 9 దేశాల్లో ఈ మూడింటిలో ఒక్కదాన్నే ఎంచుకోమన్నప్పుడు ఎక్కువమంది సుఖాన్నే కోరుకున్నా, ప్రతి దేశంలోనూ కొందరు మూడోదాన్నే కోరుకున్నారు. ఆ కొందరు ఎలాంటివారో నేను మన జిల్లాలోనే చూశాను. 1990ల మొదట్లో పెద్దలకు అక్షరాలు నేర్పే అక్షరదీపం రాత్రిబడులు నడుస్తున్న రోజుల్లో, కట్ట మరమ్మతు పనికి మట్టి మోయడానికి వచ్చిన ఒకావిడ, కూలి డబ్బులు తీసుకునేటప్పుడు కూలీల హాజరు రాసే మస్టరు రోల్ మీద వేలిముద్ర వేయడానికి ఒప్పుకోలేదు. కలం తీసుకొని, మట్టి అంటిన వేళ్లను కొంగుకు తుడుచుకొని, తన పేరులోని నాలుగు అక్షరాలను ఒక్కొక్కటిగా దించింది. వెనక నిలబడిన వరుసంతా ఒక్క మాట మాట్లాడకుండా ఎదురుచూసింది. ఆమె కూలి ఆ రోజు ఒక్క రూపాయి కూడా పెరగలేదు. అదే కాలంలో కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు సారా దుకాణానికి ఎదురు నిలిచారు. ఆ ఉద్యమం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, చివరికి 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించే దాకా వెళ్లింది. ఆ ఆడవాళ్లకు అది సుఖమైన కాలం ఎంతమాత్రం కాదు. ఇంట్లోనూ బయటా దెబ్బలకు సిద్ధపడి నిలబడ్డారు. మీరు వారిలా కావాలని నేను అనడం లేదు. గొప్పవారి పక్కన నిలబడి తన ఎత్తు కొలుచుకోవడం వల్ల ఎవరికీ మేలు జరగదు. సాయంత్రాలు హాయిగా గడుస్తున్నా వెలితి ఎందుకు పోవడం లేదని మీరు ఆశ్చర్యపోతున్నారు కాబట్టి, సుఖం వేరు, నిండుదనం వేరు అని చెప్పడానికే ఇది రాశాను.

అమ్మాయి వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయిందన్న మీ బాధ నాకు అర్థమవుతుంది. దానికి నేను చెప్పగలిగింది కొద్దిగానే ఉంది. మన పూర్వులు సప్తసంతానాలు అని పుత్రుడు, చెరువు, తోట, గుడి, అగ్రహారం, కావ్యం, నిధి నిక్షేపం అని ఏడింటిని లెక్కించారు. కన్నబిడ్డ వాటిలో ఒకటి మాత్రమే. విజయనగర రాజుల కాలంలో రెండు కొండల నడుమ గుండ్లకమ్మ నదికి అడ్డంగా కట్టిన కంభం చెరువు కింద నేటికీ పొలాలు సాగవుతున్నాయి. 2020లో అంతర్జాతీయ సాగునీటి, డ్రైనేజీ కమిషన్ దాన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చేర్చింది. ఆ కట్ట మీద నడిచిన ప్రతిసారీ నాకు కట్టించిన రాజులకంటే, ఈ మట్టిని తట్టల్లో మోసిన చేతులే గుర్తుకొస్తాయి. మనలాంటివారికి అందుబాటులో ఉన్న సంతానం ఆ తట్టెడు మట్టే.

ఇక ఉద్యోగం మానేయాలా అన్న మీ చివరి ప్రశ్న. వద్దనే నా అభిప్రాయం, కనీసం ఇప్పుడే వద్దు. ఊరికి వెళ్లిపోయి నిండుదనం పొందుదామనుకున్నవారిలో ఇద్దరు నా స్నేహితులే ఉన్నారు. అక్కడ వారికి కాలువలేవీ తవ్వి లేవు కాబట్టి ఏడాదిలోగానే తిరిగి వచ్చారు. ముందు కాలువ తవ్వుకోండి. ఈశాన్య రుతుపవనాల వానలు పడి చెరువుకు నీరు చేరాక, డిసెంబరు చివర్లో ఒక శనివారం చూసుకొని, కారులో కాకుండా బస్సెక్కి మీ ఊరికి వెళ్లండి. కౌలుదారును తూము దగ్గరికి రమ్మని, అక్కడి నుంచి మీ కయ్య దాకా కాలువ గట్టు మీద ఆయన వెనకాలే నడవండి. ఏ మడవ దగ్గర నీళ్లు నిలిచిపోతున్నాయో, ఎక్కడ ధార సన్నబడుతోందో ఆయనే చూపిస్తారు. మీ కయ్య దగ్గర ఆగిపోకుండా, దాని దిగువన ఇంకా ఎవరి పొలాలున్నాయో అడిగి చివరి దాకా వెళ్లండి. చూసిందంతా తిరిగొచ్చి ఇక్కడే రాయండి. కాలువ పూడిక తీయించడానికి అర్జీ పెట్టవలసి వస్తే, అది ఎవరి పేరున ఎలా రాయాలో నేను చెబుతాను.